ఇత్తడి గడప

మిల్లులో ఏ గొట్టంలో ఎంత నీరు, ఎంత ఆవిరి, ఎంత నూనె పారుతోందో చూడకుండా చెప్పగల మనిషి పొన్నుస్వామి ఒక్కడే. తమిళనాట పోదనూరు దాటాక రైలుకట్టకు పడమటగా ఉన్న ఆ నూలు మిల్లులో ఇరవై రెండేళ్ళుగా మీటర్లన్నీ అతని చేతికిందే పెరిగాయి. అలాంటి మనిషికి, రోజూ పొద్దున కాఫీ లోటాతో తాను నిలబడే చోట రెండేళ్ళుగా ఏం జరుగుతోందో తెలియలేదు.

అది డెబ్బై మూడో సంవత్సరం, ఆషాఢం, తమిళుల ఆడి మాసం. కొత్తగా వచ్చిన వర్క్స్ మేనేజరు శంకరన్ సోమవారం అతన్ని గదికి పిలిచాడు. వయసులో పొన్నుస్వామి కంటే పదిహేనేళ్ళు చిన్న. తమిళంలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగించే మనిషి. మర్యాదస్తుడు.

"మిస్టర్ పొన్నుస్వామి, రంగుల విభాగం పెద్దది చేస్తున్నాం. ఎక్కడ ఏ మీటరు ఉండాలో ఒక రిపోర్టు కావాలి. ఒక్కోదాని మంచీ చెడూ రెండూ రాయండి. మీకు ఇష్టమైనదని ఒకదాన్ని పొగడొద్దు."

"సరి సార్."

"ఇంకోటి. బావి దగ్గర కాలవలో ఆ ఇత్తడి రేకు ఉంది చూశారా, అది పీకేద్దాం. ఆండియప్ప అర్జీ పెట్టాడు. నీళ్ళు చాలడం లేదట. ఆ ఎద్దుబండి కాలపు సరుకు తీసేసి, గొట్టం వేసి టర్బైను మీటరు బిగిద్దాం. దాని గురించీ రాయండి. గురువారానికి కావాలి."

పొన్నుస్వామి తల ఊపాడు. వరండాలోకి వచ్చి బావివైపు ఒకసారి చూశాడు.

మిల్లు బావికి చోటిచ్చింది పక్కతోట రైతు ఆండియప్పే. అందుకు బదులు రోజూ పొద్దున నాలుగు గంటలసేపు, ఆరంగుళాల గీత మట్టాన ఆయన తోటకు నీళ్ళు వదలాలని మిల్లుకూ ఆయనకూ మాట. ఆ మాటను నిలబెట్టేది ఇత్తడి రేకే. ఇటుక కాలవకు అడ్డంగా నిలిపిన చదును రేకు, దాని నడుమ ముక్కోణంగా కోసిన గండి. నీళ్ళు ఆ గండిలోంచి దూకి పోతాయి. గండి మొన నుంచి నీటి మట్టం ఎంత ఎత్తుందో గోడమీద గీసిన స్కేలు చెబుతుంది. ఆ ఎత్తును బట్టి ఎంత నీరు పోతోందో లెక్క. అంతే. తిరిగేది లేదు, విరిగేది లేదు, కరెంటు అక్కర్లేదు.

ఆ రేకుకు అతని భార్య కల్యాణసుందరి పెట్టిన పేరు గడప.

ఆమె చిన్నమనూరు పిల్ల. కాలవ నీళ్ళు మురలు, అంటే వంతులు, వేసుకుని వరికి పారించే ఇంటినుంచి వచ్చింది. పెళ్ళయి మిల్లు ఇంటికి వచ్చిన మొదటి శుక్రవారమే, ఇంటి గడప కడిగి, పసుపు రాసి, మిగిలిన పసుపు తట్టతో వెనకవైపు వెళ్ళింది. "నీళ్ళు దాటిపోయేది ఇక్కడ. దాటేచోటు గడప కాకుండా ఇంకేమవుతుంది?" అంది. శుక్రవారం పొద్దున పంపుకు చమురు పెట్టడానికి అరగంట ఆపుతారు. ఆ అరగంట ఆమెది. చింతపండుతో రేకు తోమి, మెరిసేదాకా కడిగి, పసుపు బొట్లు పెట్టేది. పంతొమ్మిదేళ్ళు అలా జరిగింది. రెండేళ్ళ కిందట, ఎండలు ముదిరే పంగుని మాసంలో, బుధవారం నాడు, మూడు రోజుల జ్వరంతో ఆమె పోయింది.

అంతకుముందు శుక్రవారం పెట్టిన పసుపు రేకుమీద ఉండిపోయింది. పంపు చూసే కాళి తోమడానికి వస్తే పొన్నుస్వామి వద్దన్నాడు. "రేకు జోలికి పోవద్దు కాళీ. నేను చూసుకుంటాను." చూసుకోవడమంటే అతనికి చూడటమే అయింది. పైనున్న బొట్లు వానకు పోయాయి. గండి మొనకు కాస్త కింద పెట్టిన ఒక్కటి మాత్రం, నీళ్ళు ఆపినప్పుడల్లా కారే చివరి చుక్కల్లోని సున్నపు ఉప్పు పొరలుగా కమ్మి, గాజు వెనక దీపంలా పచ్చగా నిలిచింది. రోజూ పొద్దున కాఫీ లోటాతో అతను అక్కడికే వచ్చి నిలబడేవాడు.

*

రిపోర్టు కోసమని మంగళవారమంతా మిల్లు తిరిగాడు. తెలియక కాదు, రాసేముందు ఒక్కోదాన్ని మళ్ళీ పలకరించాలనిపించింది.

బాయిలరు దగ్గర ఆవిరి గొట్టంలో ఆరిఫిసు పలక ఉంది. నడుమ చిన్న బెజ్జమున్న ఉక్కు బిళ్ళ. ఆవిరికి అడ్డం నిలబడి, ముందెంత ఒత్తిడి, వెనకెంత ఒత్తిడి అని చూసి పారేదెంతో చెబుతుంది. చవక. ఎంత వేడికైనా ఓర్చుకుంటుంది. కానీ అది తినేసిన ఒత్తిడి మళ్ళీ తిరిగి రాదు. పారకం తగ్గిందంటే దాని లెక్క నమ్మడానికి లేదు. ఇదంతా ఒకసారి ఇంటి తిన్నెమీద వివరిస్తే కల్యాణసుందరి చాటలో బియ్యం చెరుగుతూ వింది.

"ఇది మీ అమ్మే" అంది చివరికి.

"ఏంది?"

"అడ్డం నిలబడందే నేనెంత పని చేస్తానో ఆమెకు తెలీదు గదా. నేను మెల్లగా చేసిన పని ఆమె లెక్కలోకే రాదు."

లోపలినుంచి అతని తల్లి దగ్గు వినిపించింది. నవ్వు వినపడకుండా ఆమె కొంగూ, అతను తుండూ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అప్పటినుంచి అది ఆట అయింది. రంగుల విభాగంలోని రోటామీటరుకు ఆమె తన చెల్లెలు అమ్మణి పేరు పెట్టింది. నిలువుగా నిలిపిన గాజు గొట్టం, లోపల బొంగరంలాంటి చిన్న గుండు. నీళ్ళు ఎక్కువైతే గుండు పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది. లెక్కే అక్కర్లేదు, కంటితో చదవచ్చు. "మా అమ్మణి లోపలుండేదంతా మొహంలోనే. పౌడరు పూసుకుంటే మాత్రం ఏమీ కనపడదు" అంది. నిజమే, రంగునీళ్ళకు గాజు మసకబారిందంటే గుండు కనిపించదు. పక్కకు ఒరిగినా తప్పే చెబుతుంది. దెబ్బ తగిలితే పగులుతుంది.

ఫర్నేసు ఆయిలు గొట్టంమీద పళ్ళచక్రాల మీటరు ఉంది. రెండు చక్రాలూ ఇంతింత నూనెను పట్టి అవతలికి దాటిస్తూ ఎన్నిసార్లు దాటించాయో చెబుతాయి. చిక్కటి నూనెకు దాన్ని మించింది లేదు. కానీ ఇసుక రేణువు పడితే బిగుసుకుపోతుంది. అది ఆమె తాత. పడితో వడ్లు కొలిచేటప్పుడు గింజ తేడా రాదు. అన్నంలో రాయి తగిలితే మాత్రం ఆ పూట ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. కొళాయి నీళ్ళు వచ్చే పెద్ద గొట్టంలోని వెంచురీ పెదనాయన. నడుము దగ్గర సన్నబడి, పోయేవాళ్ళను కాస్త ఒడిసిపట్టి మంచీచెడూ అడిగి, మెల్లగా వదిలేస్తాడు. పోయేవాళ్ళకు నష్టమేమీ ఉండదు. "అయితే ఆయన పడుకోవాలంటే తిన్నె పొడుగంతా కావాలి." వెంచురీకి అంత బారు చోటు కావాల్సిందే.

టర్బైను మీటరు కొత్త మాపిళ్ళ, అంటే కొత్తల్లుడు. చిన్న రెక్కల చక్రం, నీళ్ళకు గిర్రున తిరుగుతుంది. లెక్క బహు కచ్చితం. "ముందొక జల్లెడ కట్టి, మట్టీ మశానం లేకుండా మర్యాద చేస్తేనే మాట్లాడతాడు. రెండు రోజులు ఇసుక పడితే అలిగి కూర్చుంటాడు." ఆండియప్ప కాలవలో ఇసుక, ఆకులు, ఒకోసారి కప్పలు కూడా వస్తాయి. అక్కడ కొత్త మాపిళ్ళ ఆరు నెలలు నిలవడు. పొన్నుస్వామి తన కాగితంమీద ఆ మాట మాటలు మార్చి రాసుకున్నాడు.

శంకరన్ ఇచ్చిన వాటిలో ఒక పరదేశపు పుస్తకం ఉంది, మాగ్నెటిక్ మీటరుది. గొట్టంలో అడ్డమేమీ ఉండదు. బయట అయస్కాంతపు చుట్ట, లోపల గోడకు రెండు చిన్న మొనలు. నీళ్ళు ఆ చోటు దాటుతుంటే పుట్టే సన్నని కరెంటును బట్టి వేగం తెలుస్తుంది. మురికైనా, రంగైనా దానికి బాధ లేదు. ఒత్తిడి కాస్తయినా పోదు. నూనెకూ ఆవిరికీ పనికిరాదు. ధర ఎక్కువ, పాడైతే బాగుచేసేవాళ్ళు బొంబాయిలో ఉంటారు. మధ్యాహ్నం భోజనం వేళ ఆ పుస్తకం ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. దీనికి ఏం పేరు పెట్టేదో? ఆమె ఉన్నప్పుడు ఇది మిల్లుకు రాలేదు. తనే ఒక పేరు పెట్టాలని చూశాడు. మేనత్త అనుకున్నాడు, కాదు. పొరుగింటి కన్నమ్మాళ్ అనుకున్నాడు, అదీ అతకలేదు. ఆమె అయితే చాటలోంచి తల ఎత్తకుండా చెప్పేసేది. పెరుగన్నం చల్లారి బిగుసుకుంది.

*

బుధవారం పొద్దున ఆండియప్ప కాలవగట్టున వేపపుల్ల నములుతూ కూర్చున్నాడు. ఆయన పూర్వీకులది చిన్నమనూరు వైపు ఆండిపట్టి. తమ వైపు పిల్లను చేసుకున్నవాడని పొన్నుస్వామిని మాపిళ్ళే అంటాడు.

"ఏమి మాపిళ్ళే, మీ దొర నా అర్జీ చదివినాడా?"

"చదివినాడు మామా. రేకు పీకేస్తామంటా ఉండాడు."

ఆండియప్ప నోట్లోంచి పుల్ల తీశాడు. "రేకా? నేను రేకు గురించి ఒక మాట రాయలేదే! పంపుకు బలం తగ్గిందని కదా రాసినాను."

"పంపు సరిగానే ఉంది మామా. నేనే చూసినా."

"అయితే నా కొస మళ్ళు ఎందుకు ఎండుతా ఉండాయి? చిన్నుల్లి అంతా గోళీకాయలే. మీ అత్త రామక్కాళ్ సంతకు తీసుకుపొయ్యేదానికే సిగ్గుపడతా ఉంది."

"నీళ్ళు ఆరు గీత మట్టానే ఉండాయి గదా మామా. చూడు."

"గీత నువ్వు చూడు. నేను మడి చూస్తా" అన్నాడు ముసలాయన.

ఆ మాట పొన్నుస్వామికి గుచ్చుకుంది. రేకు నిలవాలంటే అది నిజం చెబుతోందని చూపించాలి. దారి ఒకటే. గండిలోంచి నీళ్ళు దూకేది నేరుగా ఆండియప్ప సిమెంటు తొట్టిలోకే. తొట్టి పదహారు అడుగుల పొడుగు, ఐదు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల లోతు. నీళ్ళు ఆరు గీతమీద ఉంటే అది పన్నెండు నిమిషాల్లో నిండాలి. ఆ లెక్క అతనికి నిద్రలో లేపినా తెలుసు.

తొట్టి తూము మూయించి, నీరు ఆరు గీతమీదే నిలిచేలా మర తిప్పమని కాళిని పంపు దగ్గర నిలబెట్టి, గడియారం పట్టుకున్నాడు. పన్నెండు నిమిషాలయ్యాయి. నీటికి అంచు ఇంకా ఐదారు అంగుళాల దూరముంది. పదమూడు. రామక్కాళ్ కూడా వచ్చి చూస్తోంది. పదమూడున్నరకు అంచు తాకింది.

"మళ్ళీ" అన్నాడు పొన్నుస్వామి. మళ్ళీ చేశారు. మళ్ళీ పదమూడున్నరే.

పంపు ఆపించి కాలవలోకి దిగాడు. రెండేళ్ళ తరువాత మొదటిసారి గండి మొనను వేలితో తడిమాడు. కత్తి అంచులా తగలాల్సిన చోట గరుకుగా, గుండ్రంగా, తెల్లటి ఉప్పు గడ్డ తగిలింది. కిందనుంచి పేరుకుంటూ వచ్చి మొననే పావంగుళం పైకి ఎత్తేసింది. గండి అంత మేర కుంచించుకుంది. గోడమీది స్కేలు మాత్రం పాత మొననుంచే కొలుస్తోంది. నీరు ఆరు గీతమీదే నిలబడి, దాటేది మాత్రం తొమ్మిదోవంతు తగ్గింది. ఆ గడ్డ లోపల, పచ్చగా, ఆమె బొట్టు.

రోజూ చూశాడు. చూడాలనుకున్నది మాత్రమే చూశాడు.

గట్టెక్కి ఆండియప్ప ముందు నిలబడ్డాడు. "మామా, పంపుది కాదు తప్పు. రేకుదీ కాదు. నాది. తోమనివ్వలేదు. రెండేళ్ళు నీ నీళ్ళు..."

ఆండియప్ప తుండుతో మొహం తుడుచుకున్నాడు. "నాకు తెలుసులే మాపిళ్ళే."

"తెలుసా?"

"పోయిన ఏడే చూసినా. ఆ పాప పెట్టిన పసుపు. నువ్వు పొద్దున్నే వచ్చి దాని ముందర నిలబడేది కూడా చూసినా. నేనెట్ల గీకమంటాను? అందుకే పంపని రాసినా. పంపు బిరుసుగా కొట్టితే ఇంక రెండు కుండలు ఎక్కువొస్తాయని ఆశ."

"సదువుకున్నోడివి, దీనికి నువ్వేమంటావు?" అంది రామక్కాళ్ మొగుణ్ణి చూపిస్తూ. "రెండు మళ్ళు ఎండబెట్టి ఆ మన్ను నా నోట్లో పోసినాడు. నీళ్ళు లేవని నేను అరస్తా ఉంటే, 'వాన లేదే' అంటాడు. వాన లేదంట!"

"నువ్వు ఊరుకోవే."

"నేను ఊరుకోబట్టే ఉల్లి గోళీకాయలైంది."

పొన్నుస్వామికి నవ్వొచ్చింది, నవ్వుతోపాటు ఇంకొకటి కూడా. మొహం అటు తిప్పుకున్నాడు. వాళ్ళిద్దరూ చూడనట్టు ఉల్లి ధరమీద పోట్లాడుకోసాగారు.

*

రిపోర్టు గురువారం ఇచ్చాడు. ఆవిరికి ఆరిఫిసు, రంగులకు రోటామీటరు, నూనెకు పళ్ళచక్రం, కొళాయి నీళ్ళకు వెంచురీ, మురికినీళ్ళకు డబ్బు కుదిరితే మాగ్నెటిక్. టర్బైను జల్లెడ దాటిన శుభ్రమైన నీళ్ళకు మాత్రమే. చివరి పేజీలో ఇత్తడి రేకు. మంచి: ఇసుక, ఆకు, కప్ప దేన్నయినా దాటిస్తుంది, చదువులేని రైతు కూడా గీత చూసి తన నీళ్ళెన్నో తెలుసుకోగలడు. చెడు: వారం వారం తోమే మనిషి ఉండాలి. తోమకపోతే పక్కవాడికి నీళ్ళు తక్కువ పోతాయి, గీత మాత్రం సరిగానే కనిపిస్తుంది. రెండేళ్ళు అలా పోయాయి, కారణం నేను.

శంకరన్ చివరి పేజీ రెండుసార్లు చదివాడు. "ఈ ఆఖరు మాట రాయకుండా ఉండాల్సింది. ఎవరూ అడగరు."

"మంచీ చెడూ రెండూ రాయమన్నారు సార్."

శంకరన్ పెన్సిలుతో బల్లమీద తట్టాడు. "సరే. రేపు శుక్రవారం శుభ్రం చేయించండి. తొట్టి పన్నెండు నిమిషాల్లో నిండితే రేకు ఉంటుంది. లేకుంటే ఆదివారం ఫిట్టర్లు వస్తారు." కాగితాలు సర్దుతూ, "మీరే తోమాలని లేదు" అన్నాడు.

"లేదు సార్. నేనే తోమాలి."

శుక్రవారం పొద్దున పంపు ఆగింది. నీళ్ళు గండిలోంచి సన్నబడి, ధారై, చుక్కలై ఆగిపోయాయి. రామక్కాళ్ నానబెట్టిన చింతపండు చట్టి తెచ్చి గట్టుమీద పెట్టింది. కాళి పీచు తెచ్చి ఇచ్చి, చెప్పకుండానే పంపు గదిలోకి వెళ్ళిపోయాడు. పొన్నుస్వామి పంచె ఎగగట్టి కాలవలో మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఎదురుగా ఉప్పు గడ్డ. దానిలోపలి పసుపు అతనికి ఎంత దగ్గరగా ఉందంటే, దానిమీద ఆమె వేలిగీతలు కూడా ఉన్నాయేమో అనిపించింది. ఉప్పును మాత్రం తీసి దీన్ని ఉంచే మార్గం ఏదైనా ఉందా అని ఒక ఇంజనీరు ఆలోచించినట్టు చివరిసారి ఆలోచించాడు. లేదు. గడ్డా బొట్టూ ఒకటే అయిపోయాయి.

చింతపండు గుజ్జు గుప్పెడు తీసుకుని దానిమీద అదిమాడు. కాసేపటికి పులుపుకు ఉప్పు సన్నగా నురగ కక్కింది. పీచుతో రుద్దాడు. తెలుపు కరిగింది. వెనక పచ్చదనం ఒక్కసారి తడిసి కొత్తగా మెరిసి, అతని వేళ్ళమీదికి వచ్చి, అడుగున మిగిలిన చారెడు నీళ్ళలో కలిసి తొట్టివైపు జారిపోయింది. అతను రుద్దుతూనే ఉన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

అంతా పోయాక బొటనవేలితో గండి అంచు తడిమాడు. చురుక్కుమంది. చూస్తే వేలిమీద సన్నని ఎర్రగీత.

ఇరవై రెండేళ్ళ కిందట కోసిన అంచు. తొలిరోజుల్లో ఆమెతో ఒక్కసారి అన్నాడు, దీనికి ప్రాణం ఈ అంచులోనే ఉంది, మొద్దుబారితే లెక్క పోతుందని. ఆమె నవ్వి ఇంకేదో మాట్లాడింది. వినలేదనుకున్నాడు. ఇంట్లో చెంబులూ బిందెలూ అన్నీ ఇసుకా బూడిదా వేసి తోమే మనిషి, ఈ ఒక్కదాన్ని పంతొమ్మిదేళ్ళూ చింతపండుతో మాత్రమే ఎందుకు తోమిందో, బొట్టు ఎప్పుడూ అంచుకు రెండు వేళ్ళ కిందే ఎందుకు పెట్టిందో ఇవాళ తెలిసింది. ఇసుకకు అరిగి గుండ్రబడకుండా, అంచు కోసిన రోజున ఉన్నట్టే ఉంది.

"అత్తా, పసుపు పెట్టండి" అన్నాడు.

రామక్కాళ్ తట్ట చేతికిచ్చింది గానీ కాలవలోకి దిగలేదు. "నీ ఇంటి గడప. నువ్వే పెట్టు. మొగోళ్ళు పెడితే ఏం నీళ్ళు రానంటాయా?"

మొరటు వేలితో పెట్టాడు. వంకరగా వచ్చింది. అంచుకు రెండు వేళ్ళ కింద. వచ్చే శుక్రవారం దీన్నీ తోమేయాలి.

పంపు మొదలైంది. నీళ్ళు ఆరు గీత చేరి నిలబడ్డాయి. ఆండియప్ప తొట్టి గట్టున గొంతుక్కూర్చుని అంచువైపు చూస్తున్నాడు. పొన్నుస్వామి గడియారం చూస్తున్నాడు. పదకొండు నిమిషాలు. పదకొండున్నర. గండిలోంచి దూకే నీరు రేకును ఎక్కడా తాకకుండా, గాజు పలకలా వంగి, సన్నని చప్పుడుతో తొట్టిలో పడుతోంది. ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో.

"నిండింది మాపిళ్ళే!" అని అరిచాడు ఆండియప్ప.

పన్నెండు నిమిషాలు, నాలుగు సెకన్లు. తూము తీశారు. నీళ్ళు కాలవ పట్టుకుని ఉల్లిమళ్ళవైపు పరుగెత్తాయి. రామక్కాళ్ పార భుజానేసుకుని వాటి ముందు నడిచింది, కొస మడికి దారి చూపించడానికి.

పొన్నుస్వామి నోట్లో పెట్టుకున్న బొటనవేలు చింతపండు పులుపుగా, కాస్త ఉప్పగా ఉంది. లోటాలోని కాఫీ గట్టుమీద చల్లారిపోయింది. అయినా అక్కడే నిలబడి తాగాడు.